విరామం తర్వాత మళ్లీ పెళ్లి ఫోటోగ్రఫీలోకి: వృత్తి ఫోటోగ్రాఫర్లకు సమగ్ర మార్గదర్శి

పెళ్లిళ్లను కొన్నేళ్లు పక్కన పెట్టి ఉత్పత్తుల చిత్రీకరణలోనో, భవనాల చిత్రీకరణలోనో, బోధనలోనో గడిపిన ఫోటోగ్రాఫర్ మళ్లీ ఆ పని వైపు చూసినప్పుడు మొదట కెమెరా గురించే ఆలోచిస్తారు. ఆరేళ్ల విరామం తర్వాత నేను చేసినదీ అదే. తొలి నెలంతా కొత్త బాడీల (లెన్స్ కాకుండా కెమెరా భాగాల) సమీక్షలు చదవడంతోనే గడిచిపోయింది. తీరా పనిలో దిగాక అర్థమైంది ఏమిటంటే, వెలుగును చదవడం, ఫ్రేమ్ కట్టడం పది రోజుల్లో చేతికి తిరిగి వచ్చేస్తాయి, ముందుచూపు మాత్రం అంత త్వరగా రాదు. మరో అర నిమిషంలో ఏం జరగబోతోందో పసిగట్టి, అది జరిగే వేళకు సరైన చోట, సరైన లెన్స్‌తో సిద్ధంగా నిలబడి ఉండటమే పెళ్లి ఫోటోగ్రాఫర్ అసలు పని. స్టూడియోలో లైటు వెలగకపోతే సరిచేసి మళ్లీ తీస్తాం. పెళ్లిలో ఆ వెసులుబాటు లేదు. అందుకే ఈ మార్గదర్శిలోని దశలన్నీ ఒక్క క్రమం ప్రకారం సాగుతాయి: పొరపాటు చేసినా ఎవరికీ నష్టం లేని చోట ముందుగా సాధన చేసి, బాధ్యతను కొద్దికొద్దిగా పెంచుకుంటూ, చివరకు పూర్తి పెళ్లిని ఒంటి చేత్తో ఒప్పుకోవడం.

మొదటి దశ: పాత పనిని పరాయి కళ్లతో చూడటం

పాత హార్డ్ డిస్కులలో నుంచి మీరు చివరగా తీసిన మూడు పెళ్లిళ్లను బయటకు తీయండి. ఆల్బమ్‌కు వెళ్లిన ఏరి కూర్చిన చిత్రాలను వదిలేసి, మొదటి ఫ్రేమ్ నుంచి చివరి ఫ్రేమ్ దాకా వరుసగా చూడండి. ఏ ఘట్టానికి ముందు మీరు ఆలస్యంగా చేరుకున్నారో, ఎక్కడ ఒకే చిత్రాన్ని ముప్పై సార్లు తీసి పక్కన జరుగుతున్నదాన్ని వదిలేశారో, ఏ వెలుగులో మీ ఎక్స్‌పోజర్ (చిత్రానికి అందే వెలుగు మోతాదు) తడబడిందో అప్పుడు స్పష్టంగా కనిపిస్తుంది. ఆ లోపాలు విరామంలో మాయమై ఉండవు. వాటిని ఒక కాగితం మీద రాసుకుంటే, నాలుగవ దశలో చేయబోయే సాధనకు అదే పాఠ్యప్రణాళిక అవుతుంది.

అదే కాగితం వెనుక, అప్పట్లో ఈ పని ఎందుకు మానేశారో కూడా నిజాయితీగా రాయండి. ఎడిటింగ్ భారం భరించలేక మానేసినవారు ఈసారి రంగుల దిద్దుబాటును మొదటి పెళ్లి నుంచే మరొకరికి అప్పగించే ఏర్పాటు చేసుకోవాలి. సెలవు రోజులన్నీ పోతున్నాయని మానేసినవారు ఏడాదికి ఎన్ని పెళ్లిళ్లు ఒప్పుకుంటారో ఇప్పుడే అంకె వేసుకోవాలి. కారణాన్ని కదిలించకుండా తిరిగి వస్తే, రెండవ ఏడాదిలో అదే కారణం మళ్లీ ఎదురవుతుంది.

రెండవ దశ: మూలన పడిన సామగ్రిని పరీక్షకు పెట్టడం

అటకెక్కిన సామగ్రి బయటికి బాగానే కనిపిస్తుంది, లోపలి సంగతి వేరు. లెన్స్‌లతో మొదలు పెట్టండి. చీకటి గదిలో లెన్స్ వెనుక వైపు నుంచి చిన్న టార్చి వేసి, ముందు వైపు నుంచి కాస్త వాలుగా చూస్తే సాలెగూడు లాంటి సన్నని దారాలు కనిపించవచ్చు, అది బూజు. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న చోట మూసి ఉంచిన లెన్స్‌లకు ఇది సాధారణంగా పట్టే రోగం. బూజు పట్టిన లెన్స్‌ను మిగతావాటి నుంచి వెంటనే వేరు చేసి శుభ్రపరచడానికి పంపండి. ఇకపై అన్నింటినీ 40 నుంచి 50 శాతం తేమ ఉండే పెట్టెలో భద్రపరచండి. తర్వాత ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగును లోపలికి వదిలే రంధ్రం) రేకులు చురుగ్గా కదులుతున్నాయా అని చూడాలి. ఒకే వెలుగులో ఎఫ్/2.8 నుంచి ఎఫ్/16 దాకా (అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) ఎక్స్‌పోజర్ సమానంగా ఉండేలా షట్టర్ మారుస్తూ వరుసగా తీస్తే, రేకులు అంటుకుపోతున్న లెన్స్ చిన్న ఎపర్చర్‌ల దగ్గర తెల్లబోయిన చిత్రాలు ఇచ్చి తనంతట తానే దొరికిపోతుంది. సెన్సర్ (కెమెరాలో చిత్రాన్ని పట్టే చిప్) మీది దుమ్ముకు కూడా ఇలాంటి సులువైన పరీక్షే ఉంది: ఎఫ్/16 వద్ద తెల్లటి గోడనో, ఖాళీ ఆకాశాన్నో ఫోకస్ తప్పించి తీసి, కంప్యూటర్‌లో కాంట్రాస్ట్ పెంచి చూడండి.

ఫ్లాష్‌ల విషయంలో తొందర పనికిరాదు. ఏళ్ల తరబడి వాడని ఫ్లాష్‌లో విద్యుత్తును నిల్వ చేసే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ తన లోపలి ఆక్సైడ్ పొరను కొంత కోల్పోతుంది. ఒక్కసారిగా పూర్తి శక్తితో వరుసగా పేల్చితే అది పాడైపోయే ప్రమాదం ఉంది. బ్యాటరీలు వేసి, కొన్ని నిమిషాలు అలాగే ఉంచి, ముందు తక్కువ శక్తితో, విరామాలు ఇస్తూ, క్రమంగా పూర్తి శక్తికి రండి. మళ్లీ నిండటానికి అది ఎన్ని సెకన్లు తీసుకుంటోందో లెక్కపెట్టండి; రెట్టింపు సమయం పడుతున్న ఫ్లాష్‌ను ఇంటి సాధనకు ఉంచుకోవచ్చు గానీ పెళ్లికి తీసుకెళ్లకూడదు. బ్యాటరీ గదిలో తెల్లటి పొడి కనిపిస్తే పాత ఆల్కలైన్ సెల్స్ కారాయని అర్థం.

లిథియం బ్యాటరీలు వయసుతో పాటు సామర్థ్యం కోల్పోతాయి కాబట్టి ప్రతిదాన్నీ పూర్తిగా నింపి, అది ఎన్ని ఫ్రేమ్‌లు ఇస్తుందో కొలిచి, తేదీతో సహా దాని మీద అతికించండి. మెమరీ కార్డుల గురించి మాత్రం చర్చ అక్కర్లేదు. పాతవన్నీ పక్కన పెట్టి, పేరున్న తయారీదారు కార్డులను నమ్మకమైన విక్రేత దగ్గర కొత్తగా కొనండి. ఈ వృత్తిలో మిగతా అన్ని ఖర్చులకంటే చౌకైన బీమా అది.

మూడవ దశ: మారిన కెమెరాలు తెచ్చిన సుఖాలూ చిక్కులూ

మీరు 2018కి ముందు పెళ్లిళ్లు మానేసి ఉంటే, అప్పటికి మీ చేతిలో ఉన్నది బహుశా డీఎస్‌ఎల్‌ఆర్, అంటే లోపల అద్దం ఉన్న కెమెరా. 2013లో సోనీ ఏ7తో ఫుల్‌ఫ్రేమ్ (35 మిల్లీమీటర్ల ఫిల్మ్ ఫ్రేమంత సెన్సర్ ఉన్న) మిర్రర్‌లెస్ (అద్దం లేని) కెమెరాల వైపు మొదలైన ప్రయాణంలో 2018లో జెడ్6, జెడ్7లతో నికాన్, ఈఓఎస్ ఆర్‌తో కెనాన్ వచ్చి చేరాయి. 2021లో వచ్చిన నికాన్ జెడ్9లో యాంత్రిక షట్టర్ అసలు లేనే లేదు. అలాగని పాత డీఎస్‌ఎల్‌ఆర్ పెళ్లికి పనికిరాదని కాదు. 12×18 అంగుళాల ఆల్బమ్ పేజీని అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రించడానికి కావలసింది 3,600×5,400 పిక్సెళ్లు, అంటే 20 మెగాపిక్సెళ్ల లోపే. పదేళ్ల కిందటి 24 మెగాపిక్సెళ్ల బాడీ ఆ అవసరాన్ని ఈనాటికీ తీరుస్తుంది. రెండు కార్డు స్లాట్లు లేని బాడీని మాత్రం ప్రధాన కెమెరాగా వాడవద్దు.

మిర్రర్‌లెస్‌కు మారడం వల్ల కలిగే నిజమైన మేలు కంటిని గుర్తించి వెంటాడే ఆటోఫోకస్. 85 మిల్లీమీటర్ల లెన్స్‌తో ఎఫ్/1.4 వద్ద రెండు మీటర్ల దూరంలోని మనిషిని తీస్తే స్పష్టంగా ఉండే లోతు ఐదు సెంటీమీటర్ల లోపే ఉంటుంది. కదులుతున్న ముఖం మీద ఆ పని పాత కెమెరాతో జూదం లాంటిది. కొత్తవాటితో అది దినచర్య. అయితే గుంపులో ఏ ముఖాన్ని పట్టుకోవాలో కెమెరాకు తెలియదు. వధువు పక్కన నిలబడి కెమెరా వైపే చూస్తున్న చుట్టం మీదికి ఫోకస్ దూకేయడం మొదటి రోజునే ఎదురవుతుంది. గుర్తింపును ఒక్క బటన్‌తో ఆపి ఏక బిందు ఫోకస్‌కు మారేలా కెమెరాను అమర్చుకుని, ఆ బటన్ చూడకుండా నొక్కగలిగేదాకా అలవాటు చేసుకోవాలి.

చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్ పెళ్లి ఫోటోగ్రాఫర్‌కు వరంలా కనిపిస్తుంది, కానీ నన్ను అదే మోసం చేసింది. ఈ షట్టర్‌లో సెన్సర్ పై వరుస నుంచి కింది వరుస దాకా ఒక్కొక్కటిగా చదవబడుతుంది. సాధారణ సెన్సర్లకు దీనికి సెకనులో సుమారు 15వ వంతు నుంచి 60వ వంతు దాకా పడుతుంది. ఆ లోపల ఎల్‌ఈడీ లైట్లు ఎన్నోసార్లు వెలిగి ఆరిపోతాయి. 50 హెర్ట్జ్ విద్యుత్తు మీద నడిచే లైట్లలో చాలా వరకు సెకనుకు 100 సార్లు, 60 హెర్ట్జ్ మీద నడిచేవి 120 సార్లు మినుకుమంటాయి. కాంతి తగ్గించిన ఎల్‌ఈడీలు ఇంకా వేగంగా మినుకుమనవచ్చు. ఫలితంగా చిత్రం అంతటా అడ్డంగా చీకటి చారలు పడతాయి. తిరిగి వచ్చాక నేను తీసిన తొలి వేడుకలో ఇరవై నిమిషాల పాటు అలాంటి చారలతోనే తీశాను, ఎందుకంటే వెనుక తెరను చూడాల్సిన అవసరమే లేదనుకున్నాను. ఎల్‌ఈడీ వెలుగు కింద యాంత్రిక షట్టర్‌నే వాడటం, యాంటీ ఫ్లికర్‌ను (లైట్ల మినుకుకు తగ్గట్టు షట్టర్‌ను నడిపే అమరికను) ఆన్‌లో ఉంచడం, కొత్త గదిలోకి అడుగుపెట్టిన ప్రతిసారీ రెండు మూడు పరీక్ష ఫ్రేమ్‌లు తీసి పెద్దది చేసి చూడటం నేను అప్పటి నుంచి తప్పకుండా పాటిస్తున్న నియమాలు. స్టాక్డ్ సెన్సర్ (చాలా వేగంగా చదవబడే రకం) ఉన్న బాడీలలో ఈ బెడద చాలా తక్కువ; 2023లో సోనీ ఏ9 మూడవ తరంతో తెచ్చిన గ్లోబల్ షట్టర్ సెన్సర్ మొత్తాన్ని ఒకేసారి చదువుతుంది కాబట్టి వరుసల వెంట పడే ఆ చారలు అందులో కనిపించవు. సాధారణ సెన్సర్ ఉన్న చాలా బాడీలలో ఎలక్ట్రానిక్ షట్టర్‌తో ఫ్లాష్ వెలగదన్న సంగతి కూడా గుర్తుండాలి.

మరో మార్పు బ్యాటరీ. నికాన్ డి850కి ఒక్క బ్యాటరీ మీద ప్రామాణిక రేటింగ్ 1,840 చిత్రాలు కాగా అదే సంస్థ జెడ్6కి 310 మాత్రమే. వరుస చిత్రీకరణలో నిజంగా వచ్చే అంకె ఇంతకంటే బాగా ఎక్కువే ఉంటుంది గానీ, ఒక్క బ్యాటరీతో రోజు గడిచిపోయే కాలం పోయింది. బాడీకి మూడు చొప్పున లెక్క వేసుకోండి. పాత లెన్స్‌లను అడాప్టర్‌తో వాడే ముందు కూడా ఒక్క క్షణం ఆగాలి. కెనాన్ 1987 నుంచి తెచ్చిన ఈఎఫ్ లెన్స్‌లు ఆర్ బాడీల మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. నికాన్ పాత లెన్స్‌లను జెడ్ బాడీలకు తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో మాత్రం ఫోకస్ మోటారు లేదు కాబట్టి బాడీలోని మరతో నడిచే పాత ఏఎఫ్-డి లెన్స్‌లు చేతి ఫోకస్‌కే పరిమితమవుతాయి.

కొనాలా, అద్దెకు తేవాలా అన్న ప్రశ్నకు నా సమాధానం సూటిగా ఉంటుంది: మొదటి మూడు పెళ్లిళ్ల దాకా కొనవద్దు. అద్దెకు తెచ్చిన బాడీని కూడా పెళ్లికి కనీసం వారం ముందే తెచ్చుకుని మెనూలన్నీ చేతికి పట్టించుకోండి.

నాల్గవ దశ: చేతిని మళ్లీ మచ్చిక చేసుకోవడం

ఈ సాధనకు పెళ్లే అక్కర్లేదు. ఇంట్లో ఒక మనిషిని కిటికీ పక్కన నడవమని చెప్పి, వెలుగు వైపు నుంచి నీడ వైపు అతను దాటుతున్నప్పుడు ఎక్స్‌పోజర్‌ను ఆటోకు వదలకుండా చేతితో మారుస్తూ వెంటాడండి. నడిచే మనిషికి సెకనులో 250వ వంతు, నాట్యానికి 500వ వంతు, మాట్లాడుతూ కూర్చున్నవారికి 125వ వంతు షట్టర్ సరిపోతుందన్న కొలతలు మళ్లీ వేళ్లకు ఎక్కాలి. తెల్లని బట్టలు ధరించిన మనిషినీ, నల్లని బట్టలు ధరించిన మనిషినీ పక్కపక్కన నిలబెట్టి, ఇద్దరి బట్టల్లోని మడతలూ కనిపించే ఎక్స్‌పోజర్‌ను మూడు ఫ్రేమ్‌లలోపు పట్టుకోవడం మరొక మంచి అభ్యాసం.

ఫ్లాష్‌ను పైకప్పుకు తిప్పి బౌన్స్ చేయడం అందరూ మరచిపోయేది. వెలుగు దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది; రెండు మీటర్ల దూరం నాలుగు మీటర్లు అయితే నాలుగో వంతే మిగులుతుంది, అంటే రెండు స్టాప్‌ల నష్టం (వెలుగు సగమైతే ఒక స్టాప్). ఎత్తైన పైకప్పు కింద బౌన్స్ ఎందుకు విఫలమవుతుందో ఈ లెక్కే చెబుతుంది. అలాంటి చోట పక్క గోడకు తిప్పాలి, లేదా ఫ్లాష్‌ను కెమెరా నుంచి విడదీసి స్టాండు మీద పెట్టాలి, లేదా ఐఎస్‌ఓను (వెలుగుకు కెమెరా స్పందనను పెంచే అమరికను) 3200 నుంచి 6400 దాకా పెంచి ఫ్లాష్‌ను సాయానికే వాడాలి. 2023లో లైట్‌రూమ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చిన, చిత్రంలోని గరుకును తగ్గించే కృత్రిమ మేధ డీనాయిజ్ వంటి సాధనాల వల్ల ఆ ఐఎస్‌ఓలకు భయపడాల్సిన పని బాగా తగ్గింది. రంగు గోడకు కొట్టి తెచ్చిన వెలుగు ఆ గోడ రంగునే ముఖాల మీద పులుముతుందని మాత్రం మరువవద్దు.

రెండు బాడీలు వేసుకుని తిరగడాన్ని కూడా సాధన చేయాలి. 24–70, 70–200 మిల్లీమీటర్ల లెన్స్‌లతో కలిపి అవి మూడు కిలోలకు పైనే తూగుతాయి. ఆ బరువుతో వంగి లేచి, పది గంటలు నిలబడి, చివరి గంటలో కూడా చెయ్యి వణకకుండా ఉండాలంటే నెల రోజుల ముందు నుంచే నడక, భుజాల వ్యాయామం మొదలుపెట్టడం మంచిది.

ఐదవ దశ: ముందు రెండవ కెమెరాగా వెళ్లడం

అనుభవం ఉన్నవారికి ఇది నామోషీగా అనిపించవచ్చు. అయినా నా మాట నమ్మి, కనీసం మూడు పెళ్లిళ్లకు మరొకరి దగ్గర సెకండ్ షూటర్‌గా వెళ్లండి. ప్రధాన ఘట్టం మీరు తప్పినా పెళ్లివారికి నష్టం ఉండదు. మీ కళ్లు మాత్రం అసలు వేగానికి అలవాటు పడతాయి. అక్కడ మీకు అప్పగించేది సాధారణంగా ఎదుటి కోణం, అతిథుల స్పందనలు, చిన్న చిన్న వస్తువుల చిత్రాలు. ముందుచూపు తిరిగి పదునెక్కేది సరిగ్గా ఆ పనిలోనే. ప్రధాన ఫోటోగ్రాఫర్ ఎప్పుడు ఎటు కదులుతున్నారో గమనించి, ఆ కదలిక కంటే ముందే దాన్ని మీరు ఊహించగలుగుతున్నారా అని మీకు మీరే పరీక్ష పెట్టుకోండి.

మొదలయ్యే ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి. ఇద్దరి కెమెరాల గడియారాలు సెకన్లతో సహా కలవాలి, లేకపోతే వేల ఫైళ్లను వరుసలో పేర్చడం నరకం అవుతుంది. విరామంలో పూర్తిగా ఖాళీ అయిన కెమెరా తేదీ మొదటికి వెళ్లిపోయి ఉండవచ్చు కాబట్టి అదీ చూసుకోవాలి. రెండవది, మీరు తీసిన చిత్రాలను మీ పనిగా చూపించుకునే అనుమతి ఉందో లేదో రాతలో ఉండాలి. మూడవది, అతిథులు మిమ్మల్ని అడిగినప్పుడు సొంత పరిచయ పత్రం ఇవ్వకూడదు. అది వృత్తి మర్యాద, దాన్ని తప్పినవారికి రెండవ పిలుపు రాదు.

ఆరవ దశ: చూపించే పని

పాత చిత్రాలన్నీ తీసేయనక్కర్లేదు గానీ, కాలం చెల్లిన రంగుల దిద్దుబాటును మళ్లీ మూల ఫైల్ నుంచి శుభ్రంగా చేయండి. ముప్పై గొప్ప చిత్రాల కంటే మొదటి నుంచి చివరిదాకా ఒక్క పూర్తి పెళ్లిని చూపించడం నమ్మకాన్ని ఎక్కువ పెంచుతుంది, ఎందుకంటే అడగడానికి వచ్చినవారికి నిజంగా తెలియాల్సింది మసక వెలుగులోనూ, హడావిడిలోనూ మీరు ఏం చేస్తారన్నదే. విరామాన్ని దాచవద్దు; అడిగితే ఒక్క వాక్యంలో చెప్పి, ఇటీవలి పనిని చూపించండి.

ఏడవ దశ: ధర, ఒప్పందం

పాత ధరకు కొంత కలిపి కొత్త ధర చెప్పడం తిరిగి వచ్చినవారు చేసే అతి పెద్ద తప్పు. గంటల లెక్కతో మొదలు పెట్టండి. పది గంటల పెళ్లికి నా లెక్క ఇలా ఉంటుంది: చిత్రీకరణకు 10 గంటలు, ముందస్తు సమావేశాలకు 3, ప్రయాణానికి 2, బ్యాకప్‌కు 1, ఏరివేతకు 6, దిద్దుబాటుకు 16, ఆల్బమ్ కూర్పుకు 8. మొత్తం 46 గంటలు. పెళ్లి ఒక్క రోజు పని అనుకుని వేసిన ధరకూ, వారానికి పైగా పని అని తెలిసి వేసిన ధరకూ ఎంత తేడా ఉంటుందో ఈ కూడికే చెబుతుంది. నాలుగైదేళ్లకు పంచిన సామగ్రి అరుగుదల, బీమా, సాఫ్ట్‌వేర్ చందాలు వంటి ఏడాది ఖర్చులను ఏడాదికి మీరు ఒప్పుకునే పెళ్లిళ్ల సంఖ్యతో భాగించి, సెకండ్ షూటర్ వేతనం, పన్నులతో పాటు ఈ గంటల విలువకు కలపాలి. స్నేహితుల కోసం తగ్గించాలనుకుంటే పూర్తి ధర రాసి, తగ్గింపును వేరే వరుసలో చూపించండి. లేకపోతే తగ్గించిన ధరే మీ ధరగా నోటి మాటగా పాకిపోతుంది.

ఒప్పందంలో చిత్రీకరణ మొదలయ్యే, ముగిసే సమయాలు, అదనపు గంట ధర, చెల్లింపుల విడతలు, వాయిదా, రద్దు నియమాలు, చిత్రాలు అందించే గడువు, వాటిని ప్రదర్శించుకునే అనుమతి, మీరు అనారోగ్యంపాలైతే ఎవరు వస్తారన్న సంగతి తప్పకుండా ఉండాలి. మూల రా ఫైళ్లు (కెమెరా నమోదు చేసిన, దిద్దని ఫైళ్లు) ఇస్తారా లేదా అన్నది కూడా అందులోనే రాయండి. ఒక న్యాయవాదితో ఒక్కసారి చదివించుకుంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది.

ఎనిమిదవ దశ: పెళ్లికి ముందు వారం

వధూవరులతో మాట్లాడేటప్పుడు వారికి నచ్చిన చిత్రాల కంటే వారి మనుషుల గురించి ఎక్కువ అడగండి. ఎవరెవరి మధ్య మాటల్లేవు, ఎవరు ఇటీవల కన్నుమూశారు, ఏ వృద్ధులు ఎక్కువ సేపు నిలబడలేరు, ఎవరు కెమెరాకు మొహం చాటేస్తారు వంటి సంగతులు ముందే తెలిస్తే, వాటి వల్ల ఎదురయ్యే ఇబ్బందులు సగం తప్పుతాయి. సామూహిక చిత్రాల జాబితాను వారి చేతే రాయించి, ఒక్కో కూర్పుకు మూడు నిమిషాలు చొప్పున గుణించి చూపండి. ఇరవై కూర్పులు అంటే గంట అని కాగితం మీద చూశాక చాలామంది జాబితాను తామే తగ్గిస్తారు. రెండు కుటుంబాల నుంచీ పేర్లు తెలిసి గట్టిగా పిలవగలిగిన ఒక్కొక్కరిని ఆ గంటకు కేటాయించమని అడగండి.

వేదికను అదే వేళకు ఒకసారి చూసి రావాలి. వెలుగు ఎటు నుంచి పడుతుంది, పైకప్పు ఎత్తెంత, గోడల రంగేమిటి, మీరు నిలబడగలిగే హద్దు ఎక్కడ అన్నవి రాసుకుంటే సరిపోతుంది. వేడుక నడిపించేవారిని కలిసి, క్రతువు జరిగేటప్పుడు ఎక్కడికి రావచ్చో, ఎక్కడికి రాకూడదో ముందే అడిగి తెలుసుకోండి. వీడియో బృందంతోనూ పది నిమిషాలు కూర్చోవాలి. విరామం తర్వాత వచ్చినవారు ఈ సమన్వయాన్ని మరచిపోయి, ఒకరి ఫ్రేమ్‌లో మరొకరు నిలబడుతూ రోజంతా గొడవ పడతారు.

తొమ్మిదవ దశ: పెళ్లి రోజు

సామగ్రిలో ప్రతి దానికీ జోడీ ఉండాలి: రెండు బాడీలు, రెండు ఫ్లాష్‌లు, ఒకటి పాడైతే మరొకటి ఆదుకునే రెండు లెన్స్‌లు. రెండు స్లాట్లలోనూ ఒకే ఫైల్ రాసేలా అమర్చండి. ఒక్క పెద్ద కార్డు వాడాలా, నాలుగు చిన్నవి వాడాలా అన్నది పాత వివాదం; రెండు స్లాట్లలోకి రాస్తున్నప్పుడు రోజంతా మార్చనవసరం లేని పెద్ద కార్డులే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే కార్డులు పోయేది ఎక్కువగా మార్చే చేతుల్లోనే.

రోజు మొదట్లో అలంకరణ గదిలోకి వెళ్లినప్పుడు ఒక కిటికీని ఎంచుకుని మిగతా లైట్లు ఆపించండి. 3200 కెల్విన్ (వెలుగు రంగుకు కొలమానం) బల్బు వెలుగూ, 5500 కెల్విన్ పగటి వెలుగూ ఒకే ముఖం మీద కలిస్తే ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పూర్తిగా సరిచేయలేదు. బల్బులను ఆపలేని చోట ఫ్లాష్‌కు నారింజ జెల్ (పారదర్శకమైన రంగు పొర) కట్టి రెండు వెలుగుల రంగునూ దగ్గర చేయాలి.

ప్రధాన క్రతువు మొదలయ్యాక మీ స్థానం ప్రతి నిర్ణయాన్నీ శాసిస్తుంది. ఘట్టానికి ముందు వెడల్పు చిత్రం ఒకటి, ఘట్టం జరిగేటప్పుడు మధ్యస్థం, వెంటనే తల్లిదండ్రుల ముఖాల వైపు తిరగడం: ఈ మూడింటి క్రమం అలవాటు చేసుకుంటే చేతులు తమంతట తామే కదులుతాయి. మూడవది మాత్రం చాలామంది వదిలేస్తారు. వధూవరుల చేతులు కలిసిన క్షణాన్ని అక్కడున్న ప్రతి ఫోనూ తీస్తుంది; అదే క్షణంలో వెనుక వరుసలో కళ్లు తుడుచుకున్న మనిషిని తీసేది మీరొక్కరే. పెళ్లి జరిగిన పదేళ్ల తర్వాత ఆల్బమ్‌లో వేళ్లు ఎక్కువ సేపు ఆగేది ఆ పేజీ దగ్గరే అని పాత ఖాతాదారులను కలిసిన ప్రతిసారీ చూశాను.

సామూహిక చిత్రాల్లో కళాత్మకతకు పోకుండా క్రమశిక్షణతో ఉండాలి. రెండు వరుసలకు ఎఫ్/5.6, మూడు వరుసలకు ఎఫ్/8 పెట్టి, మొదటి వరుసకు కాస్త వెనుకగా ఫోకస్ చేయండి. వైడ్ లెన్స్ అంచుల్లోని ముఖాలను సాగదీస్తుంది కాబట్టి వెనక్కి జరిగే చోటు ఉంటే 50 మిల్లీమీటర్లే వాడాలి. ఎవరో ఒకరు కళ్లు మూసుకుంటారు. ప్రతి కూర్పుకూ కనీసం ఐదు ఫ్రేమ్‌లు తీయండి. అతి పెద్ద గుంపుతో మొదలుపెట్టి, మనుషులను తగ్గిస్తూ పోతే పని త్వరగా తెములుతుంది, పెద్దవారు త్వరగా కూర్చోగలుగుతారు.

సాయంత్రపు వేడుకలో ఊదా, నీలం రంగుల ఎల్‌ఈడీలు ముఖాల్లోని ఒక్క రంగు చానల్‌ను మాత్రమే నింపేస్తాయి. హిస్టోగ్రామ్‌ను (చిత్రంలో వెలుగు పంపిణీని చూపే గ్రాఫ్‌ను) మూడు రంగులుగా విడదీసి చూపించే అమరిక పెట్టుకుని, అవసరమైతే ఫ్లాష్‌తో ముఖానికి సహజ వర్ణం ఇవ్వండి. లేజర్ లైట్లున్న వేదిక మీద కెమెరాను వాటి వైపు తిప్పకూడదు. నేరుగా పడిన లేజర్ సెన్సర్ మీద శాశ్వతమైన గీత మిగిల్చగలదు. మిర్రర్‌లెస్‌లో సెన్సర్ ఎప్పుడూ తెరిచి ఉంటుంది కాబట్టి ముప్పు ఇంకా ఎక్కువ.

భోజనం చేయండి, నీళ్లు తాగండి. దీన్ని ఒప్పందంలో కూడా రాసుకోవచ్చు.

పదవ దశ: ఇంటికి వచ్చిన రాత్రి, ఆ తర్వాతి వారాలు

ఎంత అలసటగా ఉన్నా ఆ రాత్రే ఫైళ్లను రెండు వేర్వేరు డిస్కులలోకి ఎక్కించి, మూడవ ప్రతిని మర్నాటికల్లా ఇంటి బయట మరో చోటనో, క్లౌడ్‌లోనో చేర్చండి. 24 మెగాపిక్సెళ్ల రా ఫైల్ సుమారు 30 మెగాబైట్లు అనుకుంటే 3,000 ఫ్రేమ్‌లు 90 గిగాబైట్లు అవుతాయి. 45 మెగాపిక్సెళ్ల బాడీతో అయితే అది 150 దాటవచ్చు. మూడు ప్రతులూ తెరిచి చూసి సరిపోల్చేదాకా కార్డులను ఫార్మాట్ చేయకూడదు. నేను అయితే చిత్రాలు అందించేదాకా వాటిని ముట్టుకోను.

పూర్తి ఏరివేతను కనీసం రెండు రోజుల తర్వాత చేయడం నాకు కలిసివచ్చింది, ఎందుకంటే తీసేటప్పుడు పడ్డ కష్టం చిత్రం మీది మోజుగా మారడానికి అప్పటికి సందు ఉండదు. మొదటి విడతలో ఉంచాల్సినవాటినే గుర్తు పెట్టండి; తీసేయాల్సినవాటిని వెతకడం ఎక్కువ సమయం తింటుంది. మూసిన కళ్లనూ, ఫోకస్ తప్పినవాటినీ పట్టి ఇచ్చే కృత్రిమ మేధ సాధనాలు ఇప్పుడు వచ్చాయి. వాటిని మొదటి జల్లెడగా వాడుకోవచ్చు గానీ, నవ్వుతూ కళ్లు మూసుకున్న తండ్రి చిత్రాన్ని లోపంగా లెక్కగట్టి అవతల పడేసేదీ అవే. గంటకు 50 నుంచి 80 చిత్రాలు అందిస్తే చూసేవారు అలసిపోరు. రెండు రోజుల్లోపు పది పదిహేను చిత్రాలను ముందుగా పంపితే మిగతావాటి కోసం ఓపికగా ఎదురుచూస్తారు. తెర మీద చూడటానికి ఇచ్చే జేపెగ్ ఫైళ్లను తెరలకు ప్రామాణికమైన ఎస్‌ఆర్‌జీబీ రంగుల పరిధిలోనే ఇవ్వండి; ఆల్బమ్‌కు మాత్రం ముద్రించేవారు అడిగిన ప్రొఫైల్ వాడాలి.

చిత్రాలు అందించిన వారంలోపు, ఆ పెళ్లిలో తప్పిపోయిన ఘట్టాల జాబితా రాసి, మొదటి దశలో రాసుకున్న కాగితం పక్కన పెట్టండి. ఆలస్యంగా చేరుకున్న చోట్లు రెండింటిలోనూ ఒకటే అయితే తర్వాతి పెళ్లికి మళ్లీ సెకండ్ షూటర్‌గా వెళ్లండి. జాబితా వేరుగా, చిన్నదిగా ఉంటే తర్వాతి ఒప్పందం మీద సంతకం చేయవచ్చు, కానీ తొలి సీజన్‌లో రెండు పెళ్లిళ్ల మధ్య కనీసం రెండు వారాల ఎడం ఉంచుకోండి. 46 గంటల లెక్కలో సగానికి పైగా కుర్చీలో గడిచేదే.